రఘునాథాన్ని చంపింది నేనే

నేను ఒక మనిషిని చంపాను. అరవై రెండో సంవత్సరం, మే నెల, బుధవారం, మధ్యాహ్న భోజనానికి ముందు. భోజనం అయ్యాక అని మా చెల్లెలు ఇప్పటికీ వాదిస్తుంది. అది పొరపాటు. ఆకలి మీద ఉన్నాను కాబట్టే అంత కసిగా చంపగలిగాను. పోలీసులు రాలేదు. వచ్చి ఉంటేనే బాగుండేది. మా ఊరి ఆడవాళ్ళ చేతికి చిక్కడం కంటే జైలే నయం.

చచ్చినవాడి పేరు రఘునాథం. కంగారు పడకండి, అతను రేడియో నాటకంలో మనిషి.

బెళుగుప్ప పక్కన మా ఊళ్ళో అప్పుడు ఒకటే రేడియో. అదీ పంచాయతీ ఆఫీసులో. దాని చుట్టూ మగవాళ్ళు చేరేవాళ్ళు కాబట్టి ఆడవాళ్ళు అటు పోయేవాళ్ళు కారు. కానీ ఆ ఆఫీసుకూ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. శుక్రవారం సాయంత్రం ఆ గోడకు చెవి ఆనించి, వారం వారం వచ్చే నాటకం వినే అదృష్టం ఊరి ఆడవాళ్ళలో నాకొక్కదానికే ఉండేది.

అది విత్తనం బుడ్డలు ఒలిచే కాలం. తొలి వాన పడేలోగా వేరుశనగ గింజలు సిద్ధంగా ఉండాలి. ఓబులవ్వ వసారాలో ఆడవాళ్ళమంతా చేరి కాయలు ఒలిచేవాళ్ళం. కాదు, దిద్దుకుంటాను. వాళ్ళు ఒలిచేవాళ్ళు, నేను నాటకం కథ చెప్పేదాన్ని. అందుకు కూలిగా నా చేటలోకి తలా గుప్పెడు గింజలు పడేవి. నా గోళ్ళు ఆ ఏడు జమీందారు కూతురి గోళ్ళలాగా మెరిశాయి.

కథలో కమల అనే మంచి కోడలు, ఆమెను కాల్చుకుతినే అత్త, మధ్యలో ఈ రఘునాథం. ఎదురుగా పెళ్ళాన్ని తల్లి నానా మాటలూ అంటుంటే, "అమ్మా, కాస్త మజ్జిగ" అనే మొగుడు! నా పదిహేడేళ్ళ రక్తం సలసల కాగేది. ఆ నాటకం రాసినాయన అతనికి వెన్నెముక పెట్టడం మరిచిపోయాడని నా నిశ్చితాభిప్రాయం. వినేవాళ్ళకు మాత్రం అతనంటే ప్రాణం.

"బంగారట్లా మొగుడు. నోరెత్తడు," అనేది ఓబులవ్వ.

"నోరెత్తకపోతే పాయె, చెయ్యన్నా ఎత్తడు. మా ఇంట్లో ఒకడుండాడు చూడు..." అనేది పక్కింటి ఖాసింబక్క.

ఒక శుక్రవారం రఘునాథం తుమ్మాడు. ఆ వారం నాటకంలో జరిగింది అంతే. ఒక్క తుమ్ముతో వారమంతా ఎలా నెట్టుకురావాలి? శనివారం ఆ తుమ్మును జ్వరం చేశాను. ఆదివారం విషజ్వరం చేశాను. సోమవారం డాక్టరు చేత పెదవి విరిపించాను. వసారాలో ముక్కులు చీదడం మొదలైంది. ఆ ఊపులో నేనే కమలనైపోయి, చేతులు జోడించి ఏడ్చాను.

"తల్లీ మారెమ్మా! నా మొగుణ్ణి బతికించు. మా చుక్కల పెట్టను నీకు ఇచ్చుకుంటా!"

ఓబులవ్వ చేతిలో కాయ ఆగిపోయింది. "చుక్కల పెట్ట మీ ఇంట్లోది కదమ్మే?"

"కమలకూ ఒకటుండాది అవ్వా."

"పట్నంలో మిద్దింట్లో కోడి యాడిదే? మొక్కింది నీ నోరు. మారెమ్మ వినింది. ఆయప్ప లేసినాడంటే పెట్టను ఇయ్యల్ల."

"వినిందని నీకెట్ల తెలుసు?"

"బల్లి పలికింది."

ఆ పెట్ట నా సొంతం. పిల్లగా ఉన్నప్పుడు గద్ద కాళ్ళ నుంచి జారిపడితే తెచ్చి పెంచుకున్నాను. పిలిస్తే కుక్కలాగా వెంట వచ్చేది. రఘునాథం లేస్తే అది పోతుంది. రఘునాథం పోతే అది ఉంటుంది. న్యాయంగా ఆలోచించండి, మీరైతే ఎవరిని ఉంచుకుంటారు? బుధవారం అతన్ని చంపేశాను. చివరిసారి మజ్జిగ కూడా అడగనివ్వలేదు.

వసారా అంతా గొల్లుమంది. ఓబులవ్వ ఆ పూట సంగటి ముట్టలేదు. ఖాసింబక్క మాత్రం కళ్ళు తుడుచుకుని నన్ను అనుమానంగా చూసింది.

"నాటకం వచ్చేది శుక్రవారం కదా? బుధవారం ఎట్ల సచ్చినాడే?"

"పోయిన శుక్రవారమే పోయినాడక్కా. మీరు తట్టుకోలేరని మెల్లగా చెప్తాండా."

ఇంత చక్కటి జవాబు నేను మళ్ళీ జన్మలో చెప్పలేదు. అక్కడితో గండం గడిచేదే. కానీ ఆ శుక్రవారమే మా సర్పంచుకు ఊరి మీద ప్రేమ పుట్టింది. కొత్త లౌడ్‌స్పీకరు తెప్పించి, ఆఫీసు మిద్దె మీద కట్టించి, రేడియోకు తగిలించాడు. ఇక గోడతో పని లేదని ఆడవాళ్ళు నన్నూ వసారాలోనే కూర్చోబెట్టుకున్నారు. సాయంత్రం ఊరు ఊరంతా వినపడేలా మిద్దె మీద ఎవరో తుమ్మారు. తర్వాత, "అమ్మా, కాస్త మజ్జిగ."

వసారాలో చేతులన్నీ ఆగిపోయాయి.

"ఎవురే అది?" అంది ఓబులవ్వ.

"తమ్ముడవ్వా. కవల."

మిద్దె మీద నుంచి అత్త గొంతు: "రఘునాథం, జలుబు తగ్గిందా నాయనా?"

"కొడుకు పోయినాడని ఆయమ్మకు మతి తప్పింది," అన్నాను.

అంతలో కమల కిలకిలా నవ్వుతూ, "ఇదిగోండి మజ్జిగ" అంది.

"ఈయమ్మకూ మతి తప్పిందా పాపా?" అంది ఖాసింబక్క.

చేట ఎత్తి కొడతారని తల వంచుకున్నాను. దెబ్బ పడలేదు. తలెత్తి చూస్తే ఓబులవ్వ రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళు కారుస్తూ నవ్వుతోంది.

"బతికినాడే! సచ్చినోణ్ణి మారెమ్మ తల్లి లేపిందే! పెట్ట యాడుండాది?"

ఓబులవ్వ చేతులు పట్టుకున్నాను. "అవ్వా, ఆయప్ప సావలేదు. విషజ్వరం కూడా లేదు. అంతా నేనే కల్పించినా. ఆయప్పకు ఉన్నింది వట్టి జలుబు!"

"జలుబు తగ్గిందా, లేదా?"

"తగ్గింది."

"అయితే పెట్టను తే."

ఆదివారం మొక్కు తీరింది. కథ చెప్పినదాన్నని గౌరవంగా నాకు తొడ ముక్క వేశారు. ఏడుస్తూ తిన్నాను. రుచిగా ఉంది, అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను. ఇంటికి వస్తుంటే ఖాసింబక్క నా భుజం తట్టి, "బాధ పడాకు పాపా. ఈసారి ఆ అత్తను చంపు. ఆయమ్మ కోసరం మొక్కేవాళ్ళు ఎవురూ ఉండరు," అంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈనాడు టీవీలో ఎంత చేవలేని మొగుడు కనిపించినా అతని ప్రాణం జోలికి నేను పోను. మరీ తప్పనిసరై చంపవలసి వస్తే, ముందుగా లేచి వెళ్ళి మా కోళ్ళగూటికి తాళం వేసి వస్తాను.