కోత పండుగనాటి రెండు కార్నెట్లు

నా చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో మా మిషన్ బడికి ఒక బ్యాండ్ ఉండేది. కొన్ని పిల్లనగ్రోవులు, చిన్న డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, రెండు కార్నెట్లు. కార్నెట్ అంటే పొట్టి ఇత్తడి బాకా. పాటంతా దాని మీదే నడిచేది. ఒక కార్నెట్ నాది, రెండోది నాకంటే పై తరగతి చదివే ఒక అన్నది. నేను డైరీ రాయడం హైస్కూల్లో మొదలుపెట్టాను కాబట్టి ఈ సంగతికి తేదీ చెప్పలేను. కంది కోతలు అయిపోయి, యాసంగి జొన్న ఇంకా చేలల్లోనే ఉన్న రోజులని మాత్రం గుర్తుంది.

ఆ రోజుల్లోనే మా చర్చిలో కోత పండుగ జరిగేది. మనూర్ వైపు పల్లెల నుంచి కూడా జనం వచ్చేవారు. కందులు, పెసలు, గుమ్మడికాయలు, కోళ్లు, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి, వరుసగా నడిచి వెళ్లి ముందు బల్ల దగ్గర పెట్టేవారు. వాళ్లు నడుస్తున్నంతసేపూ బ్యాండ్ ఒక నెమ్మదైన పాట వాయించాలి. అంతకుముందు ఏడాది చిన్న చిక్కు వచ్చింది. పాటలో ఒక్కో వరుస చాలా పొడుగు. వరుస చివర కార్నెట్లు రెండూ ఒకేసారి ఊపిరి తీసుకునేసరికి పాట ఆగినట్టయ్యేది. దాంతో నడిచే జనమూ ఆగిపోయారు. కొందరైతే పని అయిపోయిందనుకుని, తెచ్చిన కోళ్లను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నారు. వాళ్లను మళ్లీ లేపి నడిపించడానికి పాస్టర్ తిప్పలు పడ్డాడు.

ఈసారి అట్లా కావద్దని పెద్ద టీచర్ గట్టిగా చెప్పింది. ఆ వానాకాలమే నాకు నిమోనియా వచ్చి చాలా రోజులు దవాఖానలో ఉన్నాను. తిరిగి వచ్చాక కార్నెట్ పట్టుకుంటే వరుస సగానికే ఊపిరి అయిపోయేది. ఆగి, గాలి పీల్చి, మళ్లీ అందుకునేవాణ్ణి. పక్కనున్న అన్నకు కోపం వచ్చేది.

"ఏందిరా గీ ఊదుడు? మేక ఆకు కొరికినట్టు పాటను నడిమిట్ల కొరుకుతున్నవ్," అన్నాడు ఒకరోజు. డ్రమ్ముల వాళ్లు నవ్వారు. నాక్కూడా నవ్వు వచ్చింది గానీ, లోపల భయం పట్టుకుంది.

భయం ఎందుకంటే, నా కార్నెట్ ఇంకొక బలమైన పిల్లవాడికి ఇవ్వమని పెద్ద టీచర్ అప్పటికే బ్యాండ్ సార్‌తో చెప్పింది. శనివారం విని చూసి చెప్తానని సార్ అన్నాడు. జ్వరంలో పడుకున్నన్ని రోజులూ నేను మంచం మీద వేళ్లతో ఆ పాట వాయించుకున్నాను. ఆ బాకా పోతే నాకు బడికి పోవాలనిపించేది కాదు.

శనివారం మా ఇద్దరినీ చర్చిలో నిలబెట్టి, సార్ బయటికి పోయి గేటు దగ్గర నిల్చున్నాడు. ఎట్లాగైనా వరుస చివరిదాకా ఆపకుండా ఊదాలని నేను పట్టు పట్టాను. కళ్లు తిరిగాయి, బాకా కీచుమంది. సార్ లోపలికి వచ్చాడు. కోప్పడలేదు. నిన్న ఎట్లా ఊదానో అట్లాగే, ఊపిరి అయిపోయిన చోట ఆగి ఊదమన్నాడు. మళ్లీ గేటు దగ్గరికి పోయాడు. ఈసారి పాట రెండుసార్లు పూర్తయ్యేదాకా రాలేదు. వచ్చాక పెన్సిల్ తీసి నా కాగితం మీద ఒక్కో వరుస మధ్యలో చిన్న గీతలు పెట్టాడు. అన్న కాగితం మీద వేరే చోట్ల పెట్టాడు. ఆ గీతల దగ్గరే ఊపిరి తీసుకోవాలి, ఇంకెక్కడా వద్దన్నాడు.

అన్న ఒప్పుకోలేదు. "వరుస నడుమ దమ్ము తీసుడు తప్పని మీరే చెప్పిండ్రు గద సార్?"

"చెప్పిన. ఒక్కడే ఊదేటప్పుడు అది తప్పు. ఇద్దరున్నప్పుడు ఇద్దరూ ఒక్కపారే ఆగుడు తప్పు," అన్నాడు సార్.

తర్వాత ఇద్దరికీ ఇంకొకటి నేర్పాడు. ఆగేముందు చప్పుడు సన్నగా తగ్గించాలి. మళ్లీ అందుకునేటప్పుడు, నడుస్తున్న ఎడ్లబండి వెనక పిల్లలు కొంచెం దూరం ఉరికి మెల్లగా ఎక్కినట్టు ఎక్కాలి. దుంకితే బండి ఊగుతుంది, అందరూ తిరిగి చూస్తారు. ఎడ్లబండి మా అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట వెంటనే ఎక్కింది. పండుగ దాకా రోజూ అదే సాధన. నన్ను వెక్కిరించిన అన్నే, నేను ఆగబోయే చోటు వచ్చిందంటే కనుబొమ్మ ఎగరేసి గుర్తుచేసేవాడు.

పండుగనాడు పాట మొదలైంది, జనం కదిలారు. గంపలు, కోళ్లు, గుమ్మడికాయలు ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఎవరూ ఆగలేదు. అందరికంటే వెనక, మోకాళ్ల నొప్పులున్న ఒక ముసలమ్మ కొంగులో కందులు మూటగట్టుకుని వస్తున్నది. నాలుగడుగులు వేసి నిలబడుతుంది, మళ్లీ కదులుతుంది. ఆమె బల్ల దగ్గరికి చేరేదాకా మేము పాటను మళ్లీ మళ్లీ తిప్పాము. ఆమె కందులు పోసి, కొంగు దులుపుకున్నాక సార్ చెయ్యి దించాడు.

నన్ను జాలిపడి ఉంచుకున్నాడేమోనని నాకు మనసులో ఉండేది. బాకాలు తుడిచి పెట్టేటప్పుడు సార్‌ను అడిగేశాను.

"జాలి గీలి ఏం లేదురా," అన్నాడు. "వాడు ఆగిన కాడ నువ్వు ఊదుతున్నవ్, నువ్వు ఆగిన కాడ వాడు ఊదుతుండు. బయట నిలబడి ఇన్న గద, యాడ తెగలే. నువ్వు గూడ వాని లెక్క ఊదితే నాకు నిరుటి పాటనే వచ్చేది."

పెద్దయ్యాక నా బతుకుతెరువు అదే అయింది. స్కూలు బ్యాండ్లకూ, పట్నంలో కచేరీలు చేసే పెద్ద బ్యాండ్లకూ పాటలు కట్టి, ఎవరు ఏం వాయించాలో ఒక్కొక్కరికి కాగితాలు రాసిచ్చాను. రిటైరైనా, ఇప్పటికీ ఏదో ఒక బడి వాళ్లు అడుగుతూనే ఉంటారు. ఏ వాద్యాలున్నాయో చెప్పబోతారు. పిల్లలను చూశాకే పాట అంటాను. ఒక్కొక్కరినీ ఒకే స్వరం ఊపిరి ఉన్నంతసేపు ఊదమని, పక్కన కూర్చుని వింటాను. అందరికంటే ముందు ఊపిరి అయిపోయే పిల్ల ఎవరో తెలిశాక ఇంటికి వచ్చి, మొదట ఆమె కాగితం రాస్తాను. తక్కినవాళ్ల కాగితాలన్నీ దాన్ని పక్కన పెట్టుకుని రాస్తాను.