ఆర్డెల్ విసిరిన పల్లీల పొట్లం

ఆర్డెల్ నోవికీకి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. మిల్వాకీ బేస్‌బాల్ స్టేడియంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పల్లీలు అమ్ముతోంది. ఇరవై వరసల అవతల ఎవరైనా చెయ్యెత్తితే చాలు, పొట్లం నేరుగా ఒళ్ళో పడాల్సిందే. గురి తప్పిన రోజు లేదు. నోరు అదుపులో ఉన్న రోజూ లేదు. అందుకే మేనేజరు కిందటేడే చెప్పేశాడు, ఇంకొక్క గొడవైతే బ్యాడ్జి లాగేసుకుంటామని. అది లేకపోతే గేటు దాటనివ్వరు. ఆవిడకా, స్టేడియం తప్ప వేరే లోకం లేదు.

ఆ జులై అంతా ఆవిడ టీము యజమాని ప్రెస్కాట్ మీద మండిపడుతూనే ఉంది. ఆరేళ్ళ సర్వీసు నిండిన ఆటగాడు నచ్చిన టీముకి పోవచ్చు. పాత టీముకి మిగిలేది దాదాపు సున్నా. అందరి కళ్ళూ ఎవరి మీదున్నాయో ఆ మేటి ఆటగాడు డెస్మండ్ టాలివర్‌కి ఈ సీజనుతో ఆరేళ్ళు నిండుతాయి. ఈలోగా ఇంకో టీముకిచ్చేస్తే బదులుగా నలుగురు కుర్రాళ్ళైనా వస్తారు. దానికి గడువు నెలాఖరు రోజు సాయంత్రం ఐదు గంటలు. ప్రెస్కాట్ మాత్రం కదలడం లేదు.

"వాణ్ణి ఇచ్చి చావమనండి! పోయినసారి ఆ బంతులేసే పిచర్‌ని ఇలాగే పట్టుకుని వేలాడారు. టాటా చెప్పి పోయాడు. మనకేం మిగిలింది, బూడిద!"

"డెస్మండ్ పోతే ఈ కుర్చీల్లో కాకులు కూర్చుంటాయి ఆర్డెల్. నీ పల్లీలు వాటికమ్ముకుందువుగాని," అనేవాడు గిల్. రిటైరైన పోస్ట్‌మ్యాన్, ఆవిడకి పాత గిరాకీ.

"నువ్వు నోర్ముయ్యవయ్యా!"

గడువు రోజు మధ్యాహ్నం మ్యాచి. నాలుగు గంటలకి డెస్మండ్‌ని ఉన్నట్టుండి మైదానంలోంచి పిలిచేశారు. అతను తోటివాళ్ళని ఒక్కొక్కరినీ కౌగిలించుకున్నాడు. ఆ రోజున కౌగిలింతలంటే అర్థం ఒకటే, వేరే టీముకిచ్చేశారని. జనం గొల్లుమన్నారు.

ఆరేళ్ళుగా ప్రతి మ్యాచి ముందూ ఆర్డెల్ విసిరిన మొదటి పొట్లాన్ని టోపీలో పట్టుకునేది ఆ డెస్మండే.

"ఎవడిమ్మన్నాడ్రా వాణ్ణి!" అని అరిచింది. నెలంతా ఇచ్చెయ్యమని అరిచిన నోరే అది. ముందు వరసలో ప్రెస్కాట్ ఫోను చెవిన పెట్టుకుని నవ్వుతున్నాడు. "నీ మొహం మండ! పిల్లాణ్ణి అమ్ముకుని ఇకిలిస్తున్నావా?"

పొట్లం వెళ్ళి సరిగ్గా ఆయన ముక్కుకి తగిలింది.

రెండు నిమిషాలకి మైకులో చెప్పారు. డెస్మండ్ భార్యకి నొప్పులొస్తున్నాయట, ఆసుపత్రికి వెళ్తున్నాడట. జనం చప్పట్లు కొట్టారు. ఐదు దాటింది. డెస్మండ్‌ని ఎవరికీ ఇవ్వలేదు. ఆర్డెల్ బ్యాడ్జి మాత్రం ఆ సాయంత్రమే లాక్కున్నారు.

చలికాలంలో డెస్మండ్ వేరే టీముకి సంతకం పెట్టాడు. ఆ శుక్రవారం గిల్ వేయించిన చేప పొట్లం కట్టించుకుని ఆవిడింటికొచ్చాడు. "ఇప్పుడేమంటావు?" అన్నాడు.

"ఏమంటాను? వాణ్ణీ ఉత్తినే వదిలారు, నన్నూ ఉత్తినే వదిలారు. ముప్ఫై ఒక్క ఏళ్ళయ్యా! కనీసం నన్నైనా షికాగో స్టేడియానికిచ్చి ఓ ఐస్‌క్రీం వాణ్ణి తెచ్చుకోవాల్సింది, దద్దమ్మలు!"

గిల్ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.