గాడి పూడ్చిన హ్యాంగర్

అక్టోబరు చివర, మిట్టమధ్యాహ్నం జీపు దిగాను. నెల్లూరు తీరం. ఇసుక, సరుగుడు తోట, యుద్ధకాలం నాటి రన్‌వే. చివర ఒక పెద్ద హ్యాంగర్, పక్కన మూలలు గుండ్రంగా తిప్పిన ఇటుక కంట్రోల్ గది, నేలలో సగం దిగబడిన కాంక్రీటు బంకరు. ఇదంతా విమానాల మ్యూజియం కాబోతోంది. మా డ్యూటీ కాపలా. మంచు కొండల్లో తుపాకీ పట్టి వచ్చినవాణ్ణి కదా, మ్యూజియానికి కాపలా అనగానే మొహం మాడింది.

మేం నలుగురం. వారెంట్ ఆఫీసర్ గారిది నాయుడుపేట. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. రేడియో ఆపరేటరు ఒకడు, జువ్వలదిన్నె నుంచి వచ్చిన డ్రైవరు ఒకడు, నేను. మాతోపాటు ఆర్కిటెక్టు మేడమ్ ఉండేవారు. పాత కట్టడాలను చెడకుండా బాగుచేయడం ఆవిడ పని.

లోపల ఉన్నది ఒకే విమానం, పాత శిక్షణ విమానం. నేను దాని చుట్టూ తిరుగుతుంటే మేడమ్ గడ్డం పైకెత్తి చూపించారు.

"విమానాలు వేరేచోట కూడా ఉన్నాయండీ. ముందు పైకి చూడండి."

చూశాను. గోడ నుంచి గోడకు విల్లులా వంగిన కలప దూలాలు. ఒక్కో దూలం చిన్న చిన్న చెక్కలు వలలా అడ్డంగా, నిలువుగా అల్లి, బోల్టులు బిగించి చేసింది. మధ్యలో ఒక్క స్తంభం లేదు. యుద్ధంలో ఇనుము దొరక్క కలపతో కట్టారట. ఇనుమైతే ఈ ఉప్పుగాలికి ఎప్పుడో పోయేదట. ఈ తీరంలో ఇలాంటిది ఇంకొకటి మిగల్లేదని ఆవిడ అన్నారు. నాకు నచ్చింది. ఎందుకో చెప్పమంటే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి.

హ్యాంగర్‌కు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి తలుపులు. ఇల్లంత రెక్కలు, నేలలోని గాడిలో చక్రాల మీద జరుగుతాయి. ప్రారంభోత్సవానికి బయటినుంచి వచ్చే మా దళం కవాతు ఉంది. రిహార్సల్లో దక్షిణపు గాడిలో ఒకడి బూటు మడమ ఇరుక్కుంది. వరుస చెదిరింది. మా వాళ్లకు వరుస చెదిరితే పరువు పోయినట్టే. వారెంట్ ఆఫీసర్ గారు మర్నాడే గాడిని సిమెంటుతో నున్నగా పూడ్పించారు. తలుపు సగం తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది.

నెల్లూరు నుంచి తిరిగొచ్చిన మేడమ్ అది చూసి తెల్లబోయారు.

"కదలని తలుపు తలుపెట్లా అవుతుంది సార్?"

"పెద్దోళ్లు వచ్చి పోనీండి మేడమ్. తవ్విద్దాం."

పెద్దవాళ్లకన్నా ముందు తుపాను వచ్చింది.

ఉదయం ఎనిమిదికల్లా రోడ్డు మీద చెట్లు పడి దారి మూసుకుపోయింది. విమానాన్ని నేలకు కట్టేశాం. ఉత్తరపు తలుపు మూసేశాం. ఐదుగురం బంకర్లో దూరాం. గాలి ఉత్తరం నుంచి కొట్టింది. సరుగుడు చెట్లు విరుగుతున్న చప్పుడు ఒకటే పనిగా వినిపించింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు.

రేడియోలో పై ఆఫీసు కంట్రోల్ రూమ్ నుంచి మాట వచ్చింది: "తుపాను కన్ను మీ మీదే ఉంది. ఎవరూ బయటికి రావద్దు. ఓవర్."

"ఇప్పుడు గాలి తిరగతాది సార్," అన్నాడు డ్రైవరు. "దక్షిణం నుంచి వస్తాది."

మేడమ్ లేచి నిలబడ్డారు. "ఆ తలుపు సగం తెరిచే ఉంది సార్. గాలి లోపలికి దూరుతుంది. బయటికి పోను దారి లేదు. కప్పును ఎత్తేస్తుంది."

"కప్పు పోతే ఇంకోటి ఏసుకుంటాం. మనిషి పోతే ఏంది చేసేది?"

"ఇంకోటి ఎవరేస్తారు సార్? అట్లా అల్లేవాళ్లు ఇప్పుడు లేరు."

ఆయన లేచారు. మూలనున్న గడ్డపార తీసుకున్నారు.

"పూడ్పించినోణ్ణి నేను. నేను పోతా. మీరెవరూ కదలబాకండి. ఇది ఆర్డరు."

సర్వీసులో నేను ధిక్కరించిన ఆర్డరు అదొక్కటే. సమ్మెట పట్టుకుని ఆయన వెనకే పరిగెత్తాను. డ్రైవరు వచ్చాడు. మేడమ్ కూడా వచ్చారు. ఆపరేటరు ఒక్కడే రేడియో దగ్గర మిగిలాడు.

నాకు భయం వేసింది. దాచడం దేనికి? అంత వెలుతురు, అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. ఆయన గడ్డపార దించుతున్నారు, నేను సమ్మెటతో కొడుతున్నాను, డ్రైవరు పెళ్లలు లాగేస్తున్నాడు, మేడమ్ చేతులతో గాడి ఊడుస్తున్నారు. డ్రైవరు ఊపిరి తీసినప్పుడల్లా "ప్రభువా" అంటున్నాడు. ఒక రెక్క కదిలింది. మూశాం. రెండోది జానెడు దూరంలో మొరాయించింది.

"సార్, వస్తా ఉండాది!" డ్రైవరు కేక.

దూరంగా లారీలు వరుసగా వస్తున్నట్టు చప్పుడు. నలుగురం భుజాలు ఆనించి తోశాం. మొదటి గాలి ఆ జానెడు సందులోంచి ఇసుకను మా మొహాల మీద కొట్టింది. ఇంకోసారి తోశాం. రెక్క వచ్చి రెక్కకు తగిలింది. గొళ్లెం పడింది.

ఇక బంకరుకు పోయే వీలు లేదు. లోపలే గోడవారన కూలబడ్డాం. దక్షిణపు గాలి తలుపును గుద్దింది. పైన రేకులు నాలుగు లేచిపోయాయి. దూలాలన్నీ ఒక్కసారి మూలిగాయి. కొంచెం లేచి, మళ్లీ దిగాయి. మళ్లీ లేచాయి. ఈసారి దిగవనుకున్నాను.

దిగాయి. సాయంత్రం దాకా అలాగే లేస్తూ దిగుతూ నిలబడ్డాయి.

నేను రిటైరై చిల్లకూరు వచ్చేశాను. మ్యూజియం తెరిచారు. జనం విమానం పక్కన ఫొటోలు దిగి వెళ్లిపోతారు. కిందటేడు మా తమ్ముణ్ణి తీసుకుపోతే వాడూ అంతే.

"ఏందన్నా, ఒక్క విమానమేనా?" అన్నాడు.

"పైకి చూడరా," అన్నాను. చూశాడు. వాడికి కలప కనిపించింది.

నాకు కనిపించేది వేరు, ఆ తుపాను పూట. రేకులు లేచిన చోట నుంచి వాన పడుతోంది. మేం ముగ్గురం గోడకు కరుచుకుని ఉన్నాం. ఆ భారీ మనిషి మాత్రం లేచి వెళ్లి హ్యాంగర్ నడిమధ్య నిలబడి ఉన్నాడు. అరచేతుల తోలు ఊడి రక్తం కారుతోంది. ఆ రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు, తన చేతికి ఏనాటికీ అందని ఆ కప్పును తానే మోస్తున్నట్టు.