మిట్టమధ్యాహ్నం పట్టిన మబ్బు

మా చిన్నప్పుడు కల్లంలో ఎండుమిరపకాయలు పరిచారంటే వీధంతా ఒకటే తుమ్ములు... పొలం నుంచి వచ్చినవాళ్ళ కళ్ళూ, పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళ కళ్ళూ, బడికి వెళ్ళే మా కళ్ళూ అన్నీ ఎర్రగానే ఉండేవి. ఎవరు కళ్ళు తుడుచుకున్నా "ఏం లేదులే, ఘాటు" అనేసేవారు. అంతటితో ఆ మాట అయిపోయేది.

తొంభైల చివర సంగతి ఇది. మా నాయనమ్మ కోటమ్మ తాలు ఏరడంలో దిట్ట. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. అది ఎర్రకాయల్లో కలిస్తే సరుకంతటికీ చెడ్డపేరే. నాయనమ్మ పక్కింటి సుబ్బాయమ్మతో కబుర్లాడుతూనే, కాయల వంక చూడకుండానే, వేళ్ళతో తడిమి తాలు పక్కకు పడేసేది. మంచికాయలో గింజ గలగలమంటుందని, తాలుకాయ చేతికి తేలిపోతుందని చెప్పేది.

చూడకుండా ఏరుతుందని మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్ళం. చూపు ఆనక తడుముతోందని ఎవరికీ తట్టలేదు... ఆవిడకే తట్టలేదు.

ఆ ఏడు ఆవిడ గంపలో అక్కడక్కడా తెల్లకాయలు తేలడం మొదలైంది.

"ఏమేవ్ కోటమ్మా, తాలు ఏరమంటే తాలు దాస్తన్నావేందే?" అని సుబ్బాయమ్మ ఎకసెక్కం.

"నోర్ముయ్యవే. ఘాటుకి కళ్ళు మసకేస్తన్నయ్. కాయలు యార్డుకి పోతే అదే సర్దుకుంటది."

కిందటేడూ ఇదే మాట అంది. ఆ కాయలు గుంటూరు మిర్చి యార్డుకు పోయాయి, వానలు పడ్డాయి, మళ్ళీ కాయలు వచ్చాయి. మసక మాత్రం పోలేదు. కానీ ఘాటు మళ్ళీ వచ్చింది కదా, నేరం వేయడానికి...

ఒకరోజు మిట్టమధ్యాహ్నం. నాయనమ్మ చేతిలో కాయ పగిలి, గింజ ఎగిరి కుడికంట్లో పడింది. నీళ్ళతో కడిగి, తడిపిన పైటకొంగు ఆ కంటికి అదిమిపెట్టుకుంది. ఒక నిమిషం తర్వాత తల పైకెత్తి ఒక్క కేక పెట్టింది.

"ఒరేయ్, మబ్బు కమ్మిందిరా! చూస్తా కూర్చున్నారేందిరా, పట్టాలు కప్పండి... కాయలు తడుస్తయ్!"

కాయ తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టినట్టే. ఆ కేకకు మా నాన్న పట్టాలకోసం పరుగెత్తాడు. మేమంతా తలో కొసా పట్టుకుని సగం కల్లం కప్పేశాం కూడా. అప్పుడు చూశాం ఆకాశం వంక... ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఎక్కడా మబ్బు తునక లేదు.

సుబ్బాయమ్మ పగలబడి నవ్వింది. "మబ్బెక్కడే? నీ మొహాన ఉంది మబ్బు!"

అందరం నవ్వాం. నాన్న నవ్వలేదు. పట్టా వదిలేసి వచ్చి నాయనమ్మ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, కొంగు తియ్యి. ఇప్పుడు?"

"ఎండగానే ఉందిరా."

"మళ్ళీ మూసుకో."

"...మబ్బు."

మర్నాడే గుంటూరు బస్సు ఎక్కారు. సెలవురోజు కావడంతో నన్నూ తీసుకెళ్ళారు. కళ్ళ డాక్టరమ్మ ఒక్కో కన్నూ మూయించి చూసింది. ఎడమకంట్లో శుక్లం బాగా ముదిరిందని, కుడికంట్లో ఇప్పుడిప్పుడే మొదలవుతోందని చెప్పింది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపూ బాగున్న కన్నే పని చేసుకుపోతుందట, రెండోది పాడైన సంగతి మనకు తెలియనివ్వదట.

"ఘాటు కాదామ్మా?" అంది నాయనమ్మ, ఇంకా ఆశ చావక.

"ఘాటుకి మంట పుడుతుంది, నీళ్ళు కారతాయి, తగ్గిపోతుంది మామ్మగారూ. చూపు తగ్గిందంటే అది ఘాటు కాదు. ఆపరేషన్ చేయించుకోండి, మళ్ళీ కనపడుతుంది. ఇంకా నాన్చితే ఆ కన్ను దక్కుతుందని చెప్పలేను."

ఆపరేషన్ అనగానే నాయనమ్మ లేచి బయటికి వచ్చేసింది. "కత్తి పెడితే ఉన్నది కూడా పోద్ది. ఒక్క కన్ను చాల్లే నాకు" అని వరండాలో భీష్మించుకు కూర్చుంది.

నాన్న వాదించలేదు. తన అరచేత్తో ఆవిడ కుడికన్ను మెల్లగా మూశాడు.

"నేను ఎట్టా కనపడుతున్నానో చెప్పమ్మా."

నాయనమ్మ చాలాసేపు చూసింది. "ఎవరో నిలబడ్డట్టుందిరా... మొహం లేదు."

తర్వాత తనే కొంగు దోపుకుని లేచింది. "పద, ఎప్పుడు రమ్మంటదో కనుక్కో."

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ సరేననేవరకూ నాయనమ్మ కల్లం ఛాయలకే వెళ్ళలేదు. నల్లకళ్ళజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను ఊరికే చూస్తూ ఉండేది. "ఏందే, ఆకుపచ్చ చీరన్నావు, ఇది నీలం గదా!" అని సుబ్బాయమ్మను నిలదీసింది కూడా.

మరుసటి ఏడు కాయ కోతకు ముందే కంటి పరీక్షకు బయల్దేరుతూ సుబ్బాయమ్మనూ రమ్మంది. "నాకేం, నిక్షేపంలా కనపడుతుంటే" అని ఆవిడ బిగదీసుకుంది.

"ఒక కన్ను మూసుకుని చెప్పవే ఆ మాట!"

ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆ తర్వాత ఏటా వెళ్ళారు. నాయనమ్మ రెండో కంట్లో శుక్లం ముదరకముందే బాగు చేయించుకుంది. చివరిదాకా మా మొహాలు చూసి, పేరు పెట్టి పిలిచి, తిట్టి మరీ వెళ్ళింది.

నాకిప్పుడు నలభై దాటాయి. చూపు బాగానే ఉంది. అయినా ఏటా పరీక్ష చేయించుకుంటాను. బాగుందన్న మాట నేను అనుకోవడం వేరు, చూసినవాళ్ళు చెప్పడం వేరు.

ఇప్పుడు ఏ సందులో చూసినా కళ్ళజోళ్ళ కొట్లే. పరీక్ష పది నిమిషాల పని. కళ్ళు మసకేస్తే మాత్రం "ఏం లేదులే, ఫోను ఎక్కువ చూశా" అనేసి ఊరుకుంటున్నాం... మన కళ్ళలో తేడా కనిపెట్టి పరీక్షగా చూసే మనిషి పక్కన కూర్చోవడం కూడా తగ్గిపోయింది.

పిడుగురాళ్ల వైపు మా చుట్టాలు కళ్ళు మసకేస్తే సున్నం బట్టీల దుమ్ము అనేవారు. మీ ఊళ్ళో చూపు తగ్గితే నేరం దేనిమీద వేసేవారు? చెప్పండి, వింటాను... చెప్పేముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కో కన్నూ మూసుకుని మీ మొహం చూడమనండి.