చిన్నాయన వేసిన కారు లెక్క

పోయిన ఆదివారం ఉదయం బట్టలు ఆరేస్తుంటే గిద్దలూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నాయన పోయినాడు" అన్నాడు. వాడి నాయనంటే మా చిన్నాయన.

చిన్నాయన నలభై ఏళ్లు ఇతరుల కార్లు నడిపారు. పెళ్లిళ్లకు, తిరుపతికి, ఆసుపత్రులకు ఎందరినో తీసుకెళ్లారు. సొంతానికి మాత్రం కారు కొనలేదు. ఎందుకని ఒకసారి అడిగితే, "ఎన్నిసార్లు వేసినా నా లెక్కలో కుదర్లేదు పాపా" అని నవ్వేశారు.

నాలుగేళ్ల కిందట మేము కొత్త కారు కొనాలనుకున్నాం. నేను మార్కాపురంలో టీచర్ని, మా ఆయనది చిన్న మందుల దుకాణం. మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు బైకు ఎక్కలేకపోయేవారు. నెలకు పదకొండు వేలు కడితే చాలని షోరూమ్ వాళ్లు చెప్పారు. ఆ సంబరంలోనే చిన్నాయన దగ్గరికి వెళ్లాం.

"అది కొనే లెక్క. నడిపే లెక్క ఏది?" అన్నారాయన.

పెట్రోలుకు నాలుగు వేలు రాశారు. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు, బ్యాటరీ అన్నీ కలిపి నెలకు మూడు వేలు తీసిపెట్టాలన్నారు. వాన పడ్డ రోజో, పండగ రోజో తప్ప కారు బయటికి తీయబోమని మా ఆయన అన్నారు.

"ఇంటి ముందర నిలబెట్టినా కారు తింటానే ఉంటాది అల్లుడూ. ఒక పని చేయండి. కారు కొన్నట్టే అనుకుని మూడు నెలలు ఆ పద్దెనిమిది వేలు నా చేతికి ఇయ్యండి. అప్పుడు చూద్దాం."

మొదటి నెల సులువుగా ఇచ్చాం. రెండో నెల మా పాప స్కూలు ఫీజు ఆపి ఇచ్చాం. మూడో నెల తొమ్మిది వేలకు మించి మిగల్లేదు. ఆ డబ్బు ఆయన ముందు పెట్టేటప్పుడు మా ఆయన తల ఎత్తలేదు.

"సిగ్గు ఎందుకు? తొమ్మిది వేలు పెట్టగలరని తెల్సింది గదా. దాంట్లో సరిపోయే కారే వెతుకుదాం" అని మా నలభై ఐదు వేలూ మా చేతిలో పెట్టారు.

పాత కారు కోసం కంభం వెళ్లాం. తళతళలాడుతోంది, నాకు చూడగానే నచ్చింది. చిన్నాయన సీటు బెల్టును చివరిదాకా లాగారు. లోపల దాగిన భాగమంతా బురద మరక. "ఇది నీళ్లలో మునిగిన బండి. ఏంది నాయనా, ముందే చెప్పొచ్చు గదా" అని అమ్మేవాడితో మెల్లగా అన్నారు. నెల తర్వాత మార్కాపురంలోనే ఒక రిటైరైన మాస్టారి కారు దొరికింది. మార్చాల్సిన టైర్ల ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకున్నాకే చిన్నాయన సరేనన్నారు. ఈ రోజుకీ ఆ కారు మాకు భారం కాలేదు.

పోయిన ఏడాది ఆయనకు జబ్బు చేసింది. నెలకు రెండుసార్లు ఆయనను ఎక్కించుకుని ఒంగోలు ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. ప్రతిసారీ పెట్రోలు డబ్బులు తీసేవారు. నేను వద్దంటే కోప్పడేవారు. "నా కోసం తిరిగితే మాత్రం టైర్లు అరగకుండా ఉంటాయా? ఇట్ల మొహమాట పడితే మళ్లీ నీ బండి ఎక్కను." ఆ కోపానికి జడిసి తీసుకునేదాన్ని.

చివరిసారి వెళ్లినప్పుడు, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమని డాక్టరు చెప్పారు. తిరుగు దారిలో కంభం చేరాక చిన్నాయన చెరువు వైపు పోనీయమన్నారు. దారి ఖాళీగా ఉంది.

"అల్లుడూ, కాసేపు నేను పట్టుకోనా?"

మా ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను. చిన్నాయన దిగి, డోరు పట్టుకుని నెమ్మదిగా నడిచి స్టీరింగు ముందు కూర్చున్నారు. సీటు సర్దుకున్నారు, అద్దం సరిచేసుకున్నారు. ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్లు లేరు, తొందర పెట్టేవాళ్లు లేరు. కిటికీ దించి మోచేయి బయట పెట్టుకుని, నీళ్ల వైపు చూసుకుంటూ నడక వేగంతో పోనిచ్చారు. గాలికి ఆయన తెల్లచొక్కా చెయ్యి రెపరెపలాడుతూనే ఉంది.