మా టీచర్ చెప్పని జోడి

పోయిన నెల ఒక పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే పక్కింటి ఫోన్‌కు బాపు పిలిచిండు. బాపు ఎప్పుడూ ఫోన్ చెయ్యడు. నస్పూర్ చౌరస్తాలో ఎస్టీడీ బూత్ పెట్టి ఏండ్లయినా, "తీగెల మాట్లాడితే మాటకు రుచుండదు" అంటడు. ఆ రోజు మాత్రం బూత్ తెరవక ముందే పోయి నిలబడ్డడట.

"బిడ్డా, మీ టీచర్ పోయింది. నిద్రల్నే పాణం పోయిందట. నువ్వు జల్ది బస్సెక్కు" అన్నడు.

ఏ టీచర్ అని నేను అడగలేదు. నాకు పాఠాలు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నరు. మా ఇంట్లో టీచర్ అంటే ఒక్కతే. ఆమె గురించి రాస్తూ 'గారు' అని, 'వారు' అని పెట్టాలని కూడా చూసిన. కలం సాగలేదు. మా అవ్వ గురించి చెప్పినట్టే ఆమె గురించి కూడా వచ్చింది, పోయింది, అన్నది అనే చెప్పుకున్నం ఇన్నేండ్లు. ఇప్పుడు గౌరవం పేరు మీద దూరం జరపడం నాకు చేతగాదు.

ఆమె మా బడిలో ఇంగ్లీష్ చెప్పేది. నిర్మల్‌లో బట్టల దుకాణం ఉన్న ముస్లిం ఇంటి బిడ్డ. నౌకరీ వచ్చి మంచిర్యాలలో తమ్ముని ఇంట్లో ఉండేది. రోజూ బస్సులో మా ఊరికి వచ్చి పోయేది. పెండ్లి చేసుకోలేదు. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేది. ఆడపిల్లలందరినీ బేటీ అని పిలిచేది. మేమంతా గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలం. క్వార్టర్ల లైన్ల నుంచి గుంపుగా నడిచిపోయేవాళ్లం. మాకు ఇంగ్లీష్ అంటే పరీక్షలో తప్పే సబ్జెక్ట్, అంతే.

ఆమె మాత్రం మాటలను జోడీలుగా చెప్పేది. ఒక్కతీరు కనిపించే రెండు మాటలు బోర్డు మీద పక్కపక్కన రాసి, చేతులు దులుపుకొని, మా దిక్కు తిరిగేది.

"చూసేటోళ్లకు కవల పిల్లలు ఒక్కతీరే ఉంటరు. కన్నతల్లికి ఉంటరా? మాటకు మీరు తల్లులు కావాలె" అనేది.

ఒకసారి 'హియర్', 'లిజన్' అని రాసింది. రెండింటికీ వినుట అనే కదా అని మేమందరం ఒక్క గొంతుతో అన్నం.

"గని సైరన్ కూసింది. మీరు విందామని కూసున్నరా? లే. అయినా చెవుల పడ్డది. గది హియర్" అన్నది. "మొదటి షిఫ్టు ఇడిసినంక మీ అవ్వ గడపల నిలబడుతది. రోడ్డు మీద నూరు సైకిళ్లు పోతుంటయ్. అండ్ల మీ బాపు సైకిల్ బెల్లు కోసం చెవులు పెడ్తది. గది లిజన్."

ఆ సాయంత్రం నేను ఇంటికి పోయి అవ్వను చూసిన. చేతిలో చాట పట్టుకొని, బియ్యం చెరగడం ఆపి, మెడ కొంచెం పక్కకు వంచి నిలబడ్డది. నా అవ్వ లిజన్ చేస్తున్నది! నాకు నవ్వాగలేదు. "ఏందే?" అన్నది. ఏం లేదన్న. ఒక ఇంగ్లీష్ మాట మా గడపలో నిలబడి ఉండగా చూసుడు నాకు అదే మొదలు.

ఆమె నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు ఎర్ర సిరా వాడేది కాదు. "తప్పు చేస్తే నెత్తురు ఎందుకు కారాలె?" అనేది. పెన్సిల్‌తో తప్పు మాట కింద ఒక చుక్క పెట్టేది. సరైన మాట రాసిచ్చేది కాదు. అది మేమే వెతికి తేవాలె. తెస్తే ఆ చుక్కను రబ్బరుతో చెరిపేసేది. ఏడాది చివర నోట్‌బుక్కు తిరగేస్తే ఒక్క తప్పు గుర్తు కూడా కనిపించేది కాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు సంగతి చెప్పాలె.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బాపుకు పచ్చకామెర్లు అయినయ్. శ్రీరాంపూర్ దిక్కు ఒక గనిలో ఆయన బొగ్గు టబ్బులు నెట్టే పని చేసేటోడు. అప్పటికి నలభై కూడా నిండలేదు. కండ్లు పసుపు పూసినట్టయి, మంచం దిగలేకపోయిండు. గని ఆఫీసుకు లీవ్ లెటర్ పంపాలె. ఎప్పుడూ రాసిచ్చే పక్క లైన్ ఆయన ఊరికి పోయిండు.

"తొమ్మిది సదువుతున్నవ్ గద, నువ్వే రాయి" అన్నది అవ్వ.

నాకు గర్వం పొంగింది. బాపు పనికి రాడు అని రాయాలె. పనికి రాడు అన్నదానికి ఇంగ్లీషులో ఏమంటరు? నాకు తెలుసు. మా లైన్లలో ఎవరికన్నా నడుము పడిపోయినా, ఊపిరి ఆడకపోయినా, డాక్టర్లు చూసి నౌకరీ నుంచి తీసేస్తే 'అన్‌ఫిట్ అయిండు' అనేవాళ్లు. అంటే ఏందని చిన్నప్పుడు అడిగితే, "ఇగ ఆయన పనికి రాడు" అని చెప్పిన్రు. ఆ మాటే ఎత్తి రాసిన. 'ఐ యామ్ అన్‌ఫిట్ ఫర్ డ్యూటీ' అని గుండ్రటి అక్షరాలతో రాసి, బాపుతో వేలిముద్ర వేయించి పంపిన.

మూడు వారాలకు బాపు లేచి తిరిగిండు. ఒక పొద్దున టిఫిన్ కట్టుకొని డ్యూటీకి పోయి, గంటన్నరలో తిరిగి వచ్చిండు. టిఫిన్ అట్లనే ఉన్నది.

"నేను అన్‌ఫిట్ అని రాసిచ్చిననట. కాయితం పైకి పోయిందట. పెద్ద డాక్టర్లు చూసి తేల్చేదాక డ్యూటీ లేదన్నరు" అన్నడు అవ్వతో. నా దిక్కు చూడలేదు. తిట్టినా బాగుండు అనిపించింది.

ఆఫీసు క్లర్కుది తప్పేం లేదు. కాయితంలో ఉన్నదే ఆయన చదివిండు. ఆ సాయంత్రం మా పెద్దబాపు, అంటే బాపు అన్న, వచ్చి అరుగు మీద కూసున్నడు. "ఆడపిల్లకు ఇంగ్లీష్ నేర్పితే ఇంటి మీదికే తెస్తది. బడి బంద్ పెట్టున్రి" అన్నడు. అవ్వ ఏడ్చింది. తెల్లారి నేను బడికి పోలేదు. ఆ తెల్లారి కూడా పోలేదు.

మూడోనాడు బడి ఇడిసినంక టీచర్ మా ఇంటికి వచ్చింది. మా లైన్లకు అంతకుముందు ఏ టీచరూ రాలేదు. పెద్దబాపు కూడా అక్కడే ఉన్నడు. అవ్వ మంచం మీద దుప్పటి సరిచేసింది. టీచర్ కూసొని, చాయ్ తాగి, సంగతంతా విన్నది. నేను మొదలు చిత్తుగా రాసుకున్న కాయితం ఉంటే తెమ్మన్నది. చూసింది.

"బేటీ, గీ మాట నీకెట్ల తట్టింది?" అని అడిగింది.

"బాపు పనికి రాడు అని రాద్దామనుకున్న టీచర్. అన్‌ఫిట్ అంటే పనికి రాడనే గద" అన్న, ఏడుపు ఆపుకుంటూ.

ఆమె కాయితం మడత పెట్టింది. తర్వాత పెద్దబాపు దిక్కు తిరిగింది.

"అన్నా, పిల్ల తెలివి లేక రాయలే. తెలివి ఉండే రాసింది. మన తెలుగుల 'పనికి రాడు' అంటే రేపు రాడనీ అయితది, ఎందుకూ అక్కరకు రాడనీ అయితది. ఇంగ్లీషుల అవి రెండు మాటలు. అన్‌వెల్ ఒకటి, అన్‌ఫిట్ ఒకటి. గీ జోడి నేను బళ్లె చెప్పలే. తప్పు నాది."

ఒక టీచర్ 'తప్పు నాది' అనుడు నేను అప్పటిదాకా వినలేదు. మా పెద్దబాపు కూడా విననట్టుంది. తల వంచుకున్నడు.

గోడకు ఆనించిన బాపు సైకిల్ చూపించి టీచర్ నాతో అన్నది: "పంక్చరైతే అన్‌వెల్. అతుకేస్తే మల్ల నడుస్తది. ఫ్రేమ్ ఇరిగితే అన్‌ఫిట్. ఇగ చెప్పు, మీ బాపు ఏంది?"

"పంక్చర్ టీచర్."

బాపు నవ్విండు. అన్ని దినాల తర్వాత అదే నవ్వుడు.

"రేపు పొద్దున ముగ్గురం ఆఫీసుకు పోదాం. ఫికర్ చెయ్యకున్రి" అని లేచింది.

గని ఆఫీసులో ఆడవాళ్లు కనిపించేది తక్కువ. వరండాలో మగవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నరు. గొడుగు చేతిలో పట్టుకొని టీచర్ ముందు నడిచింది. లోపల పెద్ద ఆఫీసర్‌తో ఇంగ్లీషులో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు సగమే తెలిసింది. ఆమె అంత వేగంగా మాట్లాడుడు మేమెప్పుడూ వినలేదు. మాకు చెప్పేటప్పుడు ఎంత మెల్లగా నడిపించిందో అప్పుడు తెలిసింది.

తర్వాత ఒక్కసారి ఆగి, తెలుగులో, "సార్, లెటర్ రాసింది గీ పిల్ల. సంజాయిషీ కూడా ఆమెనే చెప్తది" అన్నది. నా చెవి దగ్గరికి వంగి, "తప్పు రాసినోళ్లే నిలబడి సరిచెయ్యాలె బేటీ. గప్పుడే మాట నీదైతది" అన్నది.

"సర్, మై ఫాదర్ వాజ్ అన్‌వెల్. హీ ఈజ్ నాట్ అన్‌ఫిట్" అన్న.

ఆఫీసర్ కండ్లద్దాలు తీసిండు. "రెండింటికీ తేడా ఏందమ్మా?" అని తెలుగులో అడిగిండు.

"అన్‌వెల్ అంటే మొన్న పనికి రాలేకపోయిండు సార్. అన్‌ఫిట్ అంటే ఇగ ఎన్నటికీ పనికి రాడు. మా బాపు రేపు వస్తడు."

ఆయన నవ్వలేదు. క్లర్కును పిలిచి తెల్ల కాయితం ఇప్పించి, నన్ను మళ్లీ రాయమన్నడు. నేను క్లర్కు బల్ల మీద రాస్తుంటే టీచర్ కావాలనే ముఖం కిటికీ దిక్కు తిప్పుకొని నిలబడ్డది. ఒక్క అక్షరం అందించలేదు. రాసినంక చూస్తరా అని కాయితం చాపితే, "ఎందుకు? నువ్వే రాసినవ్ గద" అన్నది.

పని ఆ రోజే కాలేదు. దవాఖానల డాక్టర్ చూసిండు, కాయితాలు ఇటు తిరిగినయ్, అటు తిరిగినయ్. పది రోజులకు బాపు డ్యూటీ ఎక్కిండు. నేను మాత్రం ఆఫీసుకు పోయిన మరునాడే బడికి పోయిన. పెద్దబాపు మళ్లీ బడి మాట ఎత్తలేదు. ఎత్తకపోవుడే కాదు, రెండు నెలలకు తన బిడ్డను తీసుకొచ్చి, "దీనికి గూడ గా జోడీలు చెప్పున్రి టీచరమ్మా" అన్నడు.

ఆ తర్వాత ఆదివారాలు బడి వరండాలో టీచర్ అర్జీల క్లాసు పెట్టింది. సెలవు రోజు కూడా బస్సెక్కి వచ్చేది. సెలవు ఎట్ల అడగాలె, బదిలీ ఎట్ల అడగాలె, దెబ్బ తగిలితే ఏ మాట రాయాలె, జబ్బు చేస్తే ఏ మాట రాయాలె, అన్నీ చెప్పేది. మేము లోపల కూసుంటే మా తండ్రులు మెట్ల మీద కూసునేవాళ్లు, తమకేం పట్టనట్టు బీడీలు తాగుకుంట. కానీ మాలో ఎవరన్నా తప్పు చెప్తే మెట్ల మీది నుంచి ముందు వాళ్లే దగ్గేవాళ్లు. బాపు తన పేరు రాసుడు అక్కడే నేర్చుకున్నడు. వేలిముద్ర మానేసిండు.

నేను ఇప్పుడు కరీంనగర్‌లో కోర్టు పనిలో ఉన్న. సాక్షులు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులోకి రాస్తుంట. ఒకసారి ఒక ముసలమ్మ, "గోడవతల వాళ్ల మాటలు విన్న" అని చెప్పింది. వకీలు దాన్ని 'లిజన్' అని రాయించబోయిండు. అట్ల రాస్తే ఆమె చాటుగా చెవులు పెట్టి విన్నట్టయితది. నేను లేచి, ఆమె చెవుల పడ్డదని చెప్తున్నది, అది 'హియర్' అన్న. జడ్జి ఒప్పుకున్నడు. ఆ సంగతి పోయి టీచర్‌కు చెప్పిన. అప్పటికి ఆమె రిటైరయ్యి, మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నది. నాతో మూడుసార్లు చెప్పించుకున్నది. తనకు ఒకసారి, తమ్ముని భార్య వస్తే ఒకసారి, పాలాయన వస్తే ఒకసారి. "జర గా ముచ్చట మల్ల చెప్పు బేటీ" అని. నేను ఆమెను చూసుడు అదే ఆఖరు.

బాపు ఫోన్ చేసిన రోజు నేను మంచిర్యాల చేరేసరికి పగలు ఒంటిగంటయింది. ఇంటినిండా ఆడవాళ్లు. మట్టికి ఎప్పుడు తీసుకపోతరని నేను మెల్లగా అడిగితే, "మొదటి షిఫ్టు ఇడిసేదాక ఆగమన్నరు" అన్నడు ఆమె తమ్ముడు. ఎవరు ఆగమన్నరో నాకు అర్థం కాలేదు.

నాలుగు దాటినంక అర్థమైంది. సందు మొగలో సైకిళ్లు ఆగినయ్, ఒక జీపు ఆగింది. నాతో చదివినవాళ్లు, నా ముందు తరగతివాళ్లు, వెనక తరగతివాళ్లు. తండ్రుల వెనుక గనిలోకి దిగినవాళ్లు. ఇంటికి పోకుండా షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన్రు. ముఖాల మీద బొగ్గు అట్లనే ఉన్నది, కండ్లే తెల్లగా కనిపిస్తున్నయ్. జనాజా పాడె ఎత్తాలె, దాని మీద కప్పింది తెల్ల బట్ట. వాళ్లు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నరు.

ఎవరూ చెప్పకుండానే ఆ మొగోళ్లంతా వాకిట్లో నల్లా ముందు వరుస కట్టిన్రు. ఒకరి తర్వాత ఒకరు మోచేతుల దాక సబ్బు రాసి కడుక్కుంటున్నరు. గోర్ల సందులో ఇంకా నలుపు ఉన్నదేమో అని వెలుతురుకు పెట్టి చూసుకొని, మళ్లీ వరుస చివరికి పోయి నిలబడుతున్నరు. గడపలో నిలబడి నేను చూస్తున్న. నల్లా కింది నుంచి సందులోకి పారే నీళ్లు మొదట నల్లగా పోయినయ్, తర్వాత బూడిద రంగుకు తిరిగినయ్. ఆఖరి మనిషి కడుక్కొని లేచే సరికి కాలువ అడుగున ఇసుక కనిపించింది.