గాట్లు పెట్టిన గోడలు

మా ఇల్లు కట్టేటప్పుడు ఇవబుచి మేస్త్రీతో నేను పోట్లాడాను. చలి రాకుండా గోడలో గాజు దూది కూరి, లోపలివైపు ప్లాస్టిక్ షీటు పరిచాక, ఆ మనిషి చాకు తీసి షీటుకు బెత్తెడేసి గాట్లు పెడుతూ పోయాడు.

"అయ్యో, కొత్త షీటు! ఎందుకలా చింపుతున్నారు మేస్త్రీ?"

"గోడ ఊపిరాడక చస్తుందమ్మా. మా తాత మట్టిగోడలు కట్టినవాడు. నాకు చెప్పొచ్చావా?"

మట్టిగోడ వేరు, ఇది వేరు అనే తెలివి అప్పుడు నాకూ లేదు. సరే కానిమ్మన్నాను.

జపాన్‌కు ఉత్తరాన, మా హొక్కైడోలో ఏడు నెలలు పొయ్యి ఆరదు. దాని మీద కెటిల్ ఆవిరి కక్కుతూనే ఉంటుంది, తడిబట్టలన్నీ ఇంట్లోనే ఆరతాయి. ఆ ఆవిరంతా గాట్లలోంచి గోడలోకి దూరి, బయటి చల్లటి చెక్కకు తగిలి నీరై, నేల కిందికి దిగింది. మూడో చలికాలం, ముల్లంగి కూర గిన్నెతో నడుస్తుంటే వంటింటి నేల విరిగి మోకాలిదాకా దిగబడ్డాను. కింద చెక్కను తినేసి, పసుపు నీరు కారుస్తూ బూజు.

మేస్త్రీ వచ్చి గోడ విప్పాడు. దూది పిండితే నీళ్లు కారాయి. క్షమించమని అరచేతులు నేలకానించి తల వంచాడు.

"ఇంకెన్ని ఇళ్లకిలా చేశారు?"

"పందొమ్మిది. మా ఇల్లు కాక."

ఎవరూ అడగకముందే ప్రతి తలుపూ తట్టాడు. "నేనే పాడుచేశాను, నేనే బాగుచేస్తాను" అన్నాడు. కొందరు ముఖానే తలుపేశారు. మంచులో నిలబడి మళ్లీ తట్టాడు. ఏడేళ్లు పట్టింది. ఆఖరి ఇల్లు ముగిసేసరికి ఆయన చేతులు వణకడం మొదలైంది.

అప్పుడు ఆయన భార్య ఫుమి గారు మా గుమ్మంలోకి వచ్చారు.

"మా వంటింట్లోనూ నేల విరిగింది, చెక్కలు పరుచుకుని నడుస్తున్నానమ్మా. అడిగితే మన వంతు చివర అంటారు. ఇప్పుడేమో ఆ చేతులు పనిచేయవు."

సాయం రమ్మని పందొమ్మిది ఇళ్లకూ నేనే తిరిగాను. తలుపేసినవాళ్లు కూడా వచ్చారు. మేస్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ఇంటి గోడలు విప్పి, దూది మార్చి కొత్త షీటు పరిచాం.

"అతుకు దగ్గర జానెడు ఒకదాని మీదొకటి రావాలి! ఆ టేపేంటి మినే, పిల్లలంటించినట్టు!"

"నోర్మూసుకుని కూర్చోండి మేస్త్రీ. చాకు మాత్రం మీ చేతికివ్వం" అన్నాను నేను.

అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. పని అయ్యాక లేచి, వణికే అరచేత్తో ఈ మూల నుంచి ఆ మూలకు షీటంతా తడిమాడు.

"ఫుమీ, ఎక్కడా గాటు లేదే" అని భార్యతో చెప్పి, మా అందరి ముందూ ఏడ్చేశాడు.